ఇత్తడి, తాబేటిచిప్ప పొదిగిన ఫ్రెంచి సామాను

పదిహేడవ శతాబ్దం చివరి భాగంలోను, పద్ధెనిమిదవ శతాబ్దంలోను ఫ్రాన్సు దేశంలో తయారైన బీరువాలు, బల్లలు, గడియారపు పెట్టెలు కొన్ని నేటికీ పారిస్, లండన్ నగరాల ప్రదర్శనశాలలలో ఉన్నాయి. వాటి ముఖభాగాన కర్ర దాదాపు కనబడదు. ఎరుపు, గోధుమ వన్నెలు కలిసి నిగనిగలాడే నేలమీద బంగారంలా మెరిసే లతలు, ఆకులు, పూలు అల్లుకొని ఉంటాయి. ఆ నేల తాబేటిచిప్ప. ఆ లతలు ఇత్తడి. ఈ రెండింటినీ కర్ర పలకమీద బంకతో అతికించారు.

దూరాన నిలిచి చూసేవారు పనితనాన్ని మెచ్చుకొంటారు. దగ్గరకు వెళ్ళి చూస్తే మరొక సంగతి తెలుస్తుంది. అక్కడక్కడ ఇత్తడి రేకు అతుకు వీడి విల్లులా పైకి లేచి ఉంటుంది. చిప్పలో సన్నని పగుళ్ళు ఉంటాయి. కొన్నిచోట్ల చిన్న ముక్కలు ఊడిపోయి ఉంటాయి. ఎవరూ కొట్టకపోయినా, ఎవరూ గీకకపోయినా, తాళం వేసిన గదిలో ఉంచినా ఈ నష్టం జరుగుతూనే ఉంటుంది. సామాను తన అతుకులను తానే విప్పుకొంటున్నదన్నమాట. దీనికి కారణమేమిటి? దీనిని ఆపే ఉపాయం ఉన్నదా? ఈ ప్రశ్నలకు సమాధానం కర్ర, లోహం, చిప్ప, బంక అనే నాలుగు పదార్థాల స్వభావంలో ఉన్నది.

బూల్ అనే పనివాడు

ఈ రకపు పనికి బూల్ పని అని పేరు. ఆంద్రే షార్ల్ బూల్ 1642లో పారిస్ నగరంలో జన్మించాడు. 1672లో ఫ్రాన్సు రాజు పద్నాలుగవ లూయీ అతనికి లూవ్ర్ భవనంలో నివాసమూ పనిచోటూ ఇచ్చాడు. పారిస్‌లో ఆ వృత్తిలో అతనిని మించిన నేర్పరి లేడని మంత్రి కోల్బేర్ సిఫారసు చేశాడు. ఈ గౌరవం వెంట ఒక సదుపాయం కూడా లభించింది. ఆనాటి పారిస్‌లో ఒక్కొక్క వృత్తికి ఒక్కొక్క సంఘం ఉండేది. కర్రపని చేసేవాడు కంచు పోతపోయరాదు; కంచుపనివాడు బీరువాలు చేయరాదు. రాజు ఆశ్రయంలో ఉన్న బూల్‌కు ఈ కట్టుబాటు లేదు. అందువల్ల కర్రా, ఇత్తడీ, చిప్పా, బంగారు పూత పూసిన కంచూ ఒకే పనిచోట, ఒకే మనిషి ఆలోచన ప్రకారం కలిసిపోగలిగాయి.

ఈ పద్ధతిని కనిపెట్టినవాడు బూల్ కాడు. అతనికి ముందే రాజాస్థానంలో పియేర్ గోల్ వంటివారు ఇత్తడినీ చిప్పనూ కలిపి పనిచేశారు. కాని ఆ పనిని పరాకాష్ఠకు తెచ్చినవాడు బూల్ కావడంవల్ల అతని పేరే నిలిచిపోయింది. 1708-09లో త్రియానాన్ భవనం కోసం అతడు చేసిన రెండు సొరుగుల బల్లలు నేడు వెర్సాయ్‌లో ఉన్నాయి. అతడు గొప్ప చిత్రకారుల రేఖాచిత్రాలను విపరీతంగా సేకరించి అప్పులపాలయ్యాడు. 1720లో జరిగిన అగ్నిప్రమాదంలో అతని పనిచోటు, సేకరణలో చాలా భాగం తగలబడిపోయాయి. 1732లో, 89 ఏళ్ళ వయస్సులో అతడు మరణించాడు. పారిస్‌లో 1886లో స్థాపించిన వృత్తివిద్యా పాఠశాలకు అతని పేరే పెట్టారు.

ఒక కోతకు రెండు పలకలు

బూల్ పనిలోని కిటుకు చాలా సులభమైనది. పలుచని ఇత్తడి రేకును, అంతే మందం గల తాబేటిచిప్ప పలకను ఒకదానిమీద ఒకటి పెట్టి కదలకుండా బిగిస్తారు. పైన కాగితంమీద గీసిన నమూనాను అంటిస్తారు. తరువాత వెంట్రుకవంటి సన్నని రంపంతో ఆ గీతల వెంట రెండు పొరలనూ ఒకేసారి కోస్తారు. కోత పూర్తి అయ్యేసరికి ఒకే ఆకారం గల ఇత్తడి ఆకు ఒకటి, చిప్ప ఆకు ఒకటి లభిస్తాయి. చిప్ప పలకలో ఏర్పడిన ఖాళీలో ఇత్తడి ఆకు సరిగా ఇముడుతుంది. ఇత్తడి రేకులోని ఖాళీలో చిప్ప ఆకు ఇముడుతుంది.

ఈ విధంగా ఒక్క కోతతో రెండు పలకలు తయారవుతాయి. చిప్ప నేలమీద ఇత్తడి పూలు ఉన్నదానిని మొదటి భాగమని, ఇత్తడి నేలమీద చిప్ప పూలు ఉన్నదానిని ప్రతిభాగమని అంటారు. ఫొటోకూ దాని నెగటివుకూ ఉండే సంబంధం వంటిదే వీటి సంబంధం. అందువల్లనే బూల్ సామాను తరచు జంటలుగా కనబడుతుంది. జంటలో ఒకటి ముదురు రంగు, రెండవది బంగారు రంగు. వస్తువు ఏమాత్రం వృథా కాదు.

రంపం నడిచిన చోట సన్నని సందు మిగులుతుంది. దానిని రంగు కలిపిన బంకతో నింపుతారు. పిమ్మట ఇత్తడిమీద ఉలితో ఆకుల ఈనెలు, ముఖాల కనుబొమ్మలు, వస్త్రపు ముడుతలు చెక్కి, ఆ గీతలలో నల్లని రంగు నింపుతారు. చిప్ప పారదర్శకమైనది కాబట్టి దాని అడుగున ఇంగిలీకం వంటి ఎర్రని రంగు పూస్తారు. ఆ ఎరుపు చిప్పలోనుండి పైకి కనబడి నిప్పు కణికవంటి వన్నె తెస్తుంది.

మూలలలోను, అంచులలోను బంగారు పూత గల కంచు తొడుగులు బిగిస్తారు. బంగారాన్ని పాదరసంలో కలిపి కంచుమీద పూసి కాలిస్తే పాదరసం ఆవిరై పోతుంది, బంగారం అంటుకొని నిలుస్తుంది. ఆ ఆవిరి విషం. దానిని పీల్చిన పనివారు ఆరోగ్యం పోగొట్టుకొనేవారు. ఈ తొడుగులు అలంకారానికి మాత్రమే కాదు, మరొక ఉపయోగానికి కూడా పనికివస్తాయి. పొదుగుపని ముందుగా ఊడిపోయేది అంచులలోనే. ఆ అంచులను ఇవి గట్టిగా అదిమి పట్టుకొంటాయి.

తాబేటిచిప్ప అంటే ఏమిటి?

ఈ పనికి వాడిన చిప్ప మన చెరువులలోని తాబేలుది కాదు. ఉష్ణమండల సముద్రాలలో పగడపు దిబ్బల వద్ద జీవించే ఒక జాతి తాబేలుది. డేగ ముక్కువలె వంపు తిరిగిన నోరు దీని గుర్తు. దీని వీపుమీది ఎముక కవచాన్ని కప్పుతూ 13 పెద్ద రేకులు ఉంటాయి. చుట్టూ అంచున చిన్న రేకులు ఉంటాయి. పనివారికి కావలసినవి ఈ రేకులే. తేనెరంగు నేలమీద ముదురు గోధుమ మచ్చలు వీటి అందం.

ఈ రేకులు కెరటిన్ అనే జాతికి చెందిన ప్రోటీన్లతో ఏర్పడినవి. మన గోళ్ళు, వెంట్రుకలు, పశువుల కొమ్ములు కూడా ఈ జాతివే. కెరటిన్‌లో పొడవైన అణుమాలలు ఒకదానినొకటి పట్టుకొని ఉంటాయి. వేడినీటిలో ఉంచితే ఈ పట్టు సడలి పదార్థం మెత్తబడుతుంది. అప్పుడు వంకరగా ఉన్న రేకును రెండు పలకల నడుమ నొక్కితే చదునవుతుంది. చల్లారిన పిమ్మట ఆ ఆకారమే నిలుస్తుంది. రెండు ముక్కల అంచులను మెత్తబరచి వేడి పటకారతో అదిమితే బంక లేకుండానే ఒకటిగా అతుక్కొంటాయి. ప్లాస్టిక్కులు పుట్టకముందు ప్రకృతి ఇచ్చిన ప్లాస్టిక్కు ఇది. చిన్న రేకులతో నిలువెత్తు బీరువాను కప్పగలగడానికి కారణం ఈ గుణమే.

నీటితో సడలే ఈ గుణమే చిప్పకు బలహీనత కూడా. గాలిలో తేమ పెరిగితే అది కొద్దిగా ఉబ్బుతుంది; తగ్గితే ముడుచుకొంటుంది. వెలుతురుకు, పొడిగాలికి ఏళ్ళ తరబడి గురి అయితే కాంతి తగ్గి పెళుసుబారుతుంది.

గాలిలోని నీరు, కర్రలోని నీరు

బూల్ సామానులో పైపొర కింద ఉండే పెట్టె సాధారణంగా ఓక్ కర్రతోనో, పైన్ కర్రతోనో చేసినది. చెట్టును కోసి ఎన్ని ఏళ్ళు ఎండబెట్టినా కర్రలో కొంత నీరు మిగిలే ఉంటుంది. కర్ర నారలు సెల్యులోజ్ అనే పదార్థంతో ఏర్పడినవి. సెల్యులోజ్‌కు నీటి అణువులంటే ప్రీతి ఎక్కువ. గాలి తడిగా ఉంటే కర్ర నీటిని పీల్చుకొంటుంది. గాలి పొడిగా ఉంటే వదిలిపెడుతుంది. వానాకాలంలో తలుపు బిగుసుకొనిపోవడం, వేసవిలో సులభంగా పడటం ప్రతి ఇంటిలోను చూసేదే.

నీరు చేరినప్పుడు కర్ర అన్ని దిక్కులకూ సమానంగా ఉబ్బదు. నార వెంట, అంటే పొడవున, దాదాపు మార్పే ఉండదు. నారకు అడ్డంగా, అంటే వెడల్పున, మార్పు చాలా ఎక్కువ. సాపేక్ష ఆర్ద్రత 65 శాతం ఉన్న గదిలో కర్రలోని నీరు దాని పొడి బరువులో సుమారు 12 శాతం ఉంటుంది. ఆర్ద్రత 35 శాతానికి పడిపోతే అది సుమారు 7 శాతానికి దిగుతుంది. ఈ 5 శాతం తేడాకు, 50 సెంటీమీటర్ల వెడల్పు గల ఓక్ పలక, కోసిన తీరునుబట్టి, 4 మొదలుకొని 8 మిల్లీమీటర్ల వరకు కుంచించుకొనిపోగలదు.

ఇత్తడి సంగతి వేరు. అది రాగి, తుత్తునాగం కలిసిన మిశ్రమ లోహం. గాలిలోని తేమ దాని కొలతను మార్చలేదు. ఉష్ణోగ్రత మాత్రమే మార్చగలదు, అదీ కొద్దిగానే. ఒక డిగ్రీ సెంటీగ్రేడు వేడికి ఇత్తడి తన పొడవులో పది లక్షల వంతులకు సుమారు 19 వంతులు పెరుగుతుంది. 50 సెంటీమీటర్ల రేకు 20 డిగ్రీల వేడికి పెరిగేది 0.19 మిల్లీమీటరు మాత్రమే. కింది కర్ర మిల్లీమీటర్ల లెక్కన కదులుతూ ఉంటే, పైన అతికించిన ఇత్తడి మిల్లీమీటరులో అయిదవ వంతు కూడా కదలడం లేదు.

ఇక ఐరోపా దేశాల శీతాకాలాన్ని గమనించాలి. సున్న డిగ్రీల వద్ద ఒక ఘనమీటరు గాలి సుమారు 4.8 గ్రాముల నీటి ఆవిరిని మాత్రమే మోయగలదు. 20 డిగ్రీల వద్ద అదే ఘనపరిమాణం గల గాలి సుమారు 17.3 గ్రాములు మోయగలదు. బయటి చల్లని గాలిని లోపలికి తెచ్చి వేడిచేస్తే, అందులోని ఆవిరి పెరగదు కాని మోయగల శక్తి మూడు రెట్లకు మించి పెరుగుతుంది. అందువల్ల ఆ గదిలో సాపేక్ష ఆర్ద్రత 30 శాతానికి లోపుగా పడిపోతుంది. మనిషికి హాయిగా ఉన్న ఆ గది కర్రకు ఎడారి వంటిది. పాత రాజభవనాలలో పొయ్యి దగ్గర మాత్రమే వెచ్చగా ఉండేది. ఇరవయ్యవ శతాబ్దంలో గొట్టాల ద్వారా ఇల్లంతా వేడిచేసే పద్ధతి వ్యాపించినప్పుడు ప్రాచీన సామానుకు ఎక్కువ హాని కలిగింది.

ఇత్తడి ఎందుకు లేస్తుంది?

కింది పలక కుంచించుకొనిపోతూ ఉంటే పైనున్న ఇత్తడి రేకు రెండు చివరలనుండి నొక్కబడుతుంది. ఆ రేకు మందం సుమారు ఒక మిల్లీమీటరో, అంతకు తక్కువో. అంత పలుచని రేకు నొక్కుడుకు తట్టుకొనలేదు. బంక ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ అతుకు తెంచుకొని పైకి వంగుతుంది.

దీనిని పాఠకులు ఇంటిలోనే పరీక్షించి చూడవచ్చు. పోస్టుకార్డునుండి సరిగా 10 సెంటీమీటర్ల పొడవు గల పట్టీ కత్తిరించి బల్లమీద పెట్టాలి. దాని రెండు చివరలనూ వేళ్ళతో పట్టి, ఒక మిల్లీమీటరు మాత్రమే దగ్గరకు నెట్టాలి. పట్టీ మధ్యభాగం ఎంత లేస్తుంది? ఒక మిల్లీమీటరు అనుకొంటాము. కొలిచి చూస్తే సుమారు 6 మిల్లీమీటర్లు లేచి ఉంటుంది. నూటికి ఒక వంతు కుదింపు పదార్థాన్ని పొడవులో ఆరు శాతం ఎత్తుకు లేపుతుందన్నమాట. కర్రలో కంటికి కనబడనంత చిన్న కదలిక ఇత్తడిలో ఇంత పెద్ద వంపుగా బయటపడటానికి కారణం ఈ జ్యామితియే. కిటికీలోనుండి ఎండ తగిలితే నష్టం మరింత పెరుగుతుంది. వేడికి ఇత్తడి పొడవవుతుంది. అదే వేడికి కర్ర ఎండి వెడల్పు తగ్గుతుంది. రెండూ ఎదురెదురు దిక్కులకు లాగుతాయి.

ఒకసారి లేచిన రేకు మరల తనంత తాను కూర్చోదు. దుమ్ము దులిపే గుడ్డ దానికి తగులుకొని ఇంకా లాగుతుంది. చివరకు ముక్క విరిగి ఊడిపోతుంది.

బంక బలహీనతే మేలు

ఈ పొరలను అతికించినది జంతుసంబంధమైన బంక. పశువుల చర్మాలను, ఎముకలను నీటిలో ఉడికించి తీసిన ఈ బంకను వడ్రంగులు సరేసు అంటారు. వేడిగా ఉన్నప్పుడు ఇది పలుచగా పారి కర్ర రంధ్రాలలోకి దిగుతుంది. చల్లారితే గట్టిపడి గొప్ప పట్టు ఇస్తుంది. కాని నున్నని ఇత్తడికి రంధ్రాలు లేవు. అందుకని పనివారు రేకు అడుగుభాగాన్ని గరుకుగా గీకి, వెల్లుల్లితో రుద్ది, ఆ తరువాత బంక పూసేవారు. గీకడంవల్ల బంకకు పట్టుచోటు దొరుకుతుంది.

అంత చేసినా ఇత్తడి, కర్రల పొత్తు శాశ్వతం కాలేదు. బూల్ జీవించిన శతాబ్దంలోనే ఈ సామానుకు మరమ్మతులు అవసరమయ్యాయి. పారిస్ పనివాడు ఎతియెన్ లెవాస్సర్ (1721-1798) బూల్ సామానును బాగుచేయడంలోను, ఆ పద్ధతిలో కొత్తవి చేయడంలోను పేరుపొందాడు. నేర్పు లేనివారు మాత్రం లేచిన రేకును సన్నని ఇత్తడి మేకులతో కొట్టి కూర్చోబెట్టేవారు. ఇది మందు కాదు, మరొక జబ్బు. మేకు కొట్టినచోట రేకు కదలదు కాబట్టి కదలిక అంతా పక్కకు చేరి అక్కడ కొత్త వంపు పుడుతుంది.

అలాగైతే ఎప్పటికీ వీడని నేటి రసాయనిక జిగురులను ఎందుకు వాడకూడదు? ఇక్కడనే అసలు సంగతి ఉన్నది. కర్ర ఎట్లాగూ కదులుతుంది. దానిని ఎవరూ ఆపలేరు. అతుకు అన్నిటికంటె బలంగా ఉంటే, కదలిక వచ్చినప్పుడు అతుకు నిలిచి చిప్ప పగులుతుంది, లేదా పలకే చీలుతుంది. అతుకు అన్నిటికంటె బలహీనమైతే ముందుగా అదే వీడిపోతుంది. చిప్ప, ఇత్తడి విరగకుండా మిగులుతాయి. పైగా సరేసు గోరువెచ్చని నీటికి మరల మెత్తబడుతుంది. నిపుణుడు ఊడిన ముక్కను నెమ్మదిగా తీసి, అడుగున ఉన్న పాత బంకను తుడిచి, రేకును చదునుచేసి, కొత్త సరేసు పూసి, వెచ్చని ఇసుక సంచిని బరువుగా పెట్టి మరల యథాస్థానంలో కూర్చోబెట్టగలడు. మూడు వందల ఏళ్ళ తరువాత కూడా బూల్ పనిని బాగుచేయడం సాధ్యమవుతున్నదంటే, విప్పడానికి వీలైన ఆ బంకయే కారణం. ప్రదర్శనశాలల నిపుణులు ఈ సూత్రాన్ని నేడు అన్ని ప్రాచీన వస్తువులకూ పాటిస్తున్నారు. ఈనాడు చేసిన మరమ్మతును రేపటివారు వస్తువుకు హాని లేకుండా తొలగించగలగాలి.

శుభ్రం చేయడంలో కూడా జాగ్రత్త అవసరం. ఇత్తడి నల్లబడిందని మెరుగుపొడులతో రుద్దితే మెరుపు వస్తుంది గాని, ప్రతిసారి కొంత లోహం అరుగుతుంది. మొదట పోయేవి ఉలి గీతలు. గీతలు పోయిన ఆకు ఉత్త రేకు ముక్క అవుతుంది.

విశాఖపట్నపు పనివారు

చిప్పతో పెట్టెలను కప్పే విద్య తెలుగుదేశానికి కొత్త కాదు. పద్ధెనిమిదవ శతాబ్దంలో విశాఖపట్నం పనివారు జిట్టేగి వంటి చేవగల కర్రలో ఏనుగు దంతం పొదిగి ఐరోపా వర్తకుల కోసం కుర్చీలు, బల్లలు చేశారు. తాబేటిచిప్ప, దంతం, కొమ్ము పలుచగా కోసి తొడిగిన చిన్న పెట్టెలు కూడా అక్కడ తయారయ్యేవి. వీటిలో కొన్ని నేడు లండన్‌లోని విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాలలో ఉన్నాయి. దంతంమీద పూలు చెక్కి, ఆ గీతలలో నల్లని లక్క నింపడం వారి పద్ధతి. ఇత్తడిమీద చెక్కి నలుపు నింపిన పారిస్ పనివారి పద్ధతికి ఇది దగ్గరగా ఉండటం గమనింపదగినది. సముద్రపు తేమగాలిలో తయారై, పొడిగా వెచ్చబెట్టిన ఇళ్ళకు చేరిన ఈ పెట్టెలలో కూడా పైపొరలు పగలడం, లేవడం ఇదే సూత్రాన్నిబట్టి జరుగుతుంది.

తాబేలు దక్కాలి, సామానూ దక్కాలి

ఈ అందానికి అన్నిటికంటె ఎక్కువ వెల చెల్లించినది తాబేలు. దువ్వెనలు, పెట్టెలు, కళ్ళద్దాల చట్రాలు, బల్లల కోసం దీనిని శతాబ్దాల తరబడి వేటాడారు. ఆలస్యంగా పెరిగి గుడ్లు పెట్టే ఈ ప్రాణి అంత నష్టాన్ని పూడ్చుకొనలేకపోయింది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ దీనిని అంతరించిపోయే ప్రమాదం మిక్కిలి తీవ్రంగా ఉన్న జాతులలో చేర్చింది. 1975లో అమలులోకి వచ్చిన వన్యప్రాణి వ్యాపార ఒడంబడిక ప్రకారం దీని చిప్పతో అంతర్జాతీయ వ్యాపారం నిషిద్ధం. భారతదేశంలో అండమాన్, నికోబార్, లక్షద్వీపాల వద్ద ఈ జాతి కనబడుతుంది; 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దీనిని కాపాడుతున్నది.

కాబట్టి పాత బీరువాలో చిప్ప ముక్క పోయినచోట కొత్త చిప్ప పెట్టడానికి నేటి నిపుణునికి సాధారణంగా వీలు లేదు. అవసరమూ లేదు. పశువుల కొమ్ము కూడా కెరటిన్ జాతిదే గనుక పలుచగా కోసి, వేడినీటిలో చదునుచేసి, గోధుమ మచ్చలు అద్ది వాడవచ్చు. రంగు కలిపిన కృత్రిమ రెజిన్లను కూడా పోతపోసి వాడుతున్నారు. అడుగున ఎర్రరంగు పూసి కూర్చోబెడితే చూపరులకు తేడా తెలియదు. పరీక్షించే నిపుణునికి మాత్రం తెలుస్తుంది. పాతది ఏదో, కొత్తది ఏదో తెలియడం కూడా మంచిదే.

మరమ్మతుకంటె ముందుచూపు మేలు. ఇటువంటి సామాను ఉన్న గదిలో తేమను సాధారణంగా 40, 60 శాతాల మధ్య ఉంచుతారు. అయితే ఏ అంకె అన్నదానికంటె, ఆ అంకె ఏడాది పొడుగునా మారకుండా ఉండటం ముఖ్యం. ఒకే తేమలో నిలిచిన కర్ర కదలదు. కర్ర కదలకపోతే ఇత్తడి లేవదు. అందుకే ప్రదర్శనశాలలలో కిటికీలకు తెరలు దించి ఉంటాయి, వెచ్చని గొట్టాలకు దూరంగా బీరువాలు ఉంటాయి, గది మూలలో ఆర్ద్రతామాపకం రాత్రింబగళ్ళు పనిచేస్తూ ఉంటుంది.